స్త్రీల ఎముకలే ఎందుకు ముందుగా గుల్లబారతాయి?

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో ఏ సందులోకి వెళ్ళినా తెలుగు వినబడుతుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మగ్గాల పని వెతుక్కుంటూ వచ్చి స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలవి. మగవాళ్ళు పవర్‌లూమ్ కార్ఖానాలకు వెళతారు. ఆడవాళ్ళలో చాలామంది ఇంట్లోనే ట్యూబులైటు కింద కూర్చుని చీరలకు లేసులు కుడతారు, మెరిసే రాళ్ళు అంటిస్తారు, దారాలు కత్తిరిస్తారు. అలాంటి ఒక ఇంటి గడపమీద కూర్చున్న పెద్దావిడను, నడుము ఎప్పటి నుంచి వంగిందని అడిగాను. "ముసల్దాన్నయితే నడుం వంగదా బిడ్డా!" అని నవ్వింది. ఆమెకు అరవై రెండేళ్ళు. ఆమె కంటే నాలుగేళ్ళు పెద్దవాడైన భర్త పక్కనే నిటారుగా నిలబడి ఉన్నాడు.

వయసే కారణమైతే ముందు ఆయన నడుము వంగాలి కదా? ఈ ప్రశ్న మీకు చాలా సులువుగా తోచవచ్చు. కాని దీనికి సమాధానం దొరకడానికి వైద్యశాస్త్రానికి నూరేళ్ళకు పైగా పట్టింది.

కీళ్ళు తొలగడం, ఎముకలు విరగడం గురించి 1822లో లండన్ శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపర్ ఒక గ్రంథం ప్రచురించాడు. తొడ ఎముక పైభాగంలో, తుంటిలో ఇమిడే చోట మెడలాంటి సన్నని భాగం ఉంటుంది. అది విరగడం యాభై ఏళ్ళ లోపువారిలో అరుదనీ, పురుషుల కంటే స్త్రీలలో ఎక్కువనీ ఆయన గమనించాడు. వృద్ధుల ఎముకలు పలచబడి తేలికవుతాయని కూడా రాశాడు. ఇంచుమించు ఆ కాలంలోనే స్ట్రాస్‌బర్గ్‌లో పనిచేసిన లోబ్‌స్టైన్ ఆస్టియోపొరోసిస్ అనే మాటను వాడుకలోకి తెచ్చాడు. గ్రీకు భాషలో ఆస్టియాన్ అంటే ఎముక, పోరోస్ అంటే రంధ్రం. మనవాళ్ళు అనే "గుల్లబారడం" ఈ పేరు కంటే ఏమీ తక్కువ కాదు!

పేరు దొరికింది కాని కారణం దొరకలేదు. ముసలితనంలో జుట్టు నెరిసినట్టే ఎముకలూ అరుగుతాయి, అంతే అనుకున్నారు. స్త్రీలలో ఎక్కువెందుకు అన్న కూపర్ గమనిక పుస్తకంలోనే ఉండిపోయింది.

దాన్ని పైకి తీసినవాడు అమెరికాలోని బోస్టన్ నగరంలో, మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో పనిచేసిన ఫుల్లర్ ఆల్‌బ్రైట్. ఆయన 1941లో ప్రచురించిన పరిశీలనలో, అరవై అయిదేళ్ళ లోపే ఎముకలు గుల్లబారిన 42 మంది రోగులలో 40 మంది ముట్లుడిగిన స్త్రీలే. చిన్న వయసులోనే ఆపరేషన్ చేసి అండాశయాలు తీసేసిన స్త్రీలకు ఈ జబ్బు ఇంకా ముందుగా వస్తోందని కూడా ఆయన గుర్తించాడు. అంటే లెక్కపెట్టవలసింది పుట్టినప్పటి నుంచి గడిచిన ఏళ్ళను మాత్రమే కాదు, అండాశయాలు పని మానేసినప్పటి నుంచి గడిచిన ఏళ్ళను కూడా.

అండాశయాలు తయారుచేసే హార్మోన్లలో ముఖ్యమైనది ఈస్ట్రోజన్. 1929లో అమెరికాలో డోయిజీ, జర్మనీలో బ్యూటెనాంట్ ఎవరికి వారే దానిని వేరుచేశారు. దానికీ ఎముకకూ సంబంధం ఉందన్న సూచన ఆల్‌బ్రైట్‌కు పావురాల నుంచి వచ్చింది. ఆడపావురం గుడ్డు పెట్టబోయే ముందు దాని ఎముకల బోలులో కొత్త ఎముక ఏర్పడుతుంది. గుడ్డు పెంకుకు కావలసిన కాల్షియంలో కొంత అక్కడి నుంచే వెళుతుంది. ఇది ఈస్ట్రోజన్ చేయించే పని. మగపక్షికి ఈస్ట్రోజన్ ఎక్కించినా ఎముకల్లో అదే జరుగుతుంది. పెంకు కోసం ఎముకను బ్యాంకు ఖాతాలా వాడుకుంటుందన్నమాట!

అయితే ఆల్‌బ్రైట్ ఒకచోట పొరబడ్డాడు. ఈస్ట్రోజన్ ఎముకను కట్టే కణాలను ప్రోత్సహిస్తుందనీ, అది లేనప్పుడు కట్టుబడి ఆగిపోతుందనీ అనుకున్నాడు. నిజానికి మన ఎముక నిత్యం కూలుతూ, తిరిగి లేస్తూ ఉండే కట్టడం. పెద్దవారి అస్థిపంజరంలో ఏటా సుమారు పదోవంతు కొత్తది అవుతుంది. ఆస్టియోక్లాస్టులనే కణాలు పాత ఎముకను తొలుస్తాయి. ఆస్టియోబ్లాస్టులు ఆ గుంటలను పూడుస్తాయి. ఈస్ట్రోజన్ చేసే ముఖ్యమైన పని తొలిచేవాటిని అదుపులో ఉంచడం. 1990ల చివరలో కనుగొన్న రాంకెల్, ఆస్టియోప్రొటెజెరిన్ అనే ప్రొటీన్లతో ఆ అదుపు ఎలాగో తెలిసింది. మొదటిది తొలిచే కణాలను తయారుచేయిస్తుంది, రెండవది దానికి అడ్డుపడుతుంది. ఈస్ట్రోజన్ తగ్గగానే తూకం మొదటిదాని వైపు ఒరుగుతుంది. ముట్లుడిగిన తొలి సంవత్సరాలలో వెన్నుపూసలు ఏటా రెండు మూడు శాతం దాకా ఎముకను పోగొట్టుకుంటాయి. అలా పలచబడిన పూసలు ఏ దెబ్బా తగలకుండానే ముందువైపు నలుగుతాయి. నడుము వంగడం అంటే చాలాసార్లు ఇదే.

మరి మగవారి సంగతి? 1994లో ఒక వింత కేసు వెలుగులోకి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళ అమెరికన్ యువకుడొకడు ఇంకా పొడవు పెరుగుతూనే ఉన్నాడు, ఎముకలు మాత్రం గుల్లగా ఉన్నాయి. అతని శరీరంలో ఈస్ట్రోజన్ ఉంది కాని, దానిని అందుకునే గ్రాహకం జన్యులోపం వల్ల పనిచేయడం లేదు. మగవారి ఎముకలకు కూడా ఈస్ట్రోజన్ కావాలని అప్పుడు స్పష్టమైంది. పురుషుడి శరీరంలో టెస్టోస్టిరాన్ నుంచే కొంత ఈస్ట్రోజన్ తయారవుతుంది, అదీ ముసలితనం దాకా. స్త్రీలో లాగా కొద్ది ఏళ్ళలో పడిపోదు. తేడా అంతా అక్కడుంది. దీనికి తోడు పురుషుల ఎముకలు మొదటి నుంచీ పెద్దవి, పొదుపు ఎక్కువ. స్త్రీలు సగటున ఎక్కువ కాలం బతకడం వల్ల ఎముక విరిగే వయసుకు చేరేవారు కూడా వారిలోనే ఎక్కువ.

ఇక మన దగ్గరకు వద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో వీణా శత్రుఘ్న, ఆమె సహచరులు తక్కువ ఆదాయం గల, 30 నుంచి 60 ఏళ్ళ మధ్య వయసున్న 289 మంది స్త్రీల ఎముకల సాంద్రతను కొలిచి, 2005లో ఫలితాలు ప్రకటించారు. తొడ ఎముక మెడ దగ్గర సుమారు 29 శాతం మందికి ఆస్టియోపొరోసిస్ ఉంది. వారికి ఆహారంలో రోజుకు అందుతున్న కాల్షియం 270 మిల్లీగ్రాములు. అప్పట్లో మన దేశంలో పెద్దవారికి సిఫార్సు చేసినది 400 మాత్రమే, అదీ అందలేదు. ఆ సిఫార్సును 2010లో 600కు, 2020లో 1000కి పెంచారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో నిర్ణయించిన కొలబద్ద యువ శ్వేతజాతి స్త్రీల ఎముకలతో పోల్చేది. చిన్న శరీరం, చిన్న ఎముకలు గల మన స్త్రీలను దానితో కొలిస్తే జబ్బు కొంత ఎక్కువగా కనబడుతుంది. నా ఉద్దేశంలో ఇది న్యాయమైన అభ్యంతరమే. కాని ఆ ఎముకలు చిన్నవిగా ఎందుకున్నాయి? ఎదిగే వయసులో కంచంలో ఏం పడిందన్నది కూడా ఒక కారణమే. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, పాలిష్ బియ్యంలో పది మాత్రమే. పైగా తిరుపతి వైద్యులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, పొలాల్లో పనిచేసే పల్లెవారి కంటే పట్నవాసుల రక్తంలో విటమిన్ డి తక్కువగా ఉంది. పల్లెలోనూ పట్నంలోనూ పురుషుల కంటే స్త్రీలలో తక్కువ. ఎండ తగిలితేనే చర్మంలో విటమిన్ డి తయారవుతుంది, అది ఉంటేనే పేగులు కాల్షియాన్ని సరిగా పీల్చుకుంటాయి. లింబాయత్ ట్యూబులైటు ఆ పని చేయలేదు.

పోయిన ఈస్ట్రోజన్‌ను మాత్రలుగా ఇస్తే సరిపోదా అని మీరడగవచ్చు. అలాగే ఇచ్చారు కూడా. ఈస్ట్రోజన్‌కు మరో హార్మోను కలిపి 16 వేల మందికి పైగా అమెరికన్ స్త్రీలపై జరిపిన పరీక్షలో తుంటి విరగడం మూడోవంతు తగ్గింది. కాని రొమ్ము క్యాన్సర్, గుండెజబ్బు, పక్షవాతం పెరగడంతో 2002లో ఆ పరీక్షను మధ్యలోనే ఆపేశారు. ఆ తర్వాత వైద్యులు ఆచితూచి వాడుతున్నారు. తొలిచే కణాలను నేరుగా అడ్డుకునే వేరే మందులూ ఉన్నాయి.

వెళ్ళే ముందు ఆ పెద్దావిడను ఇంకొక ప్రశ్న అడిగాను: ముట్లు ఏ వయసులో ఆగాయి? ముప్పై రెండేళ్ళకే, ఊళ్ళో ఉన్నప్పుడు, గర్భసంచి తీసేశారట. ఆమె ఒక్కతే కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తొలగించినవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. గర్భసంచి ఒక్కటే తీస్తే అండాశయాలు పనిచేస్తూనే ఉంటాయి, కాకపోతే కొంత ముందుగా ఆగవచ్చు. వాటినీ తీస్తే, ఇరవై ముప్పై ఏళ్ళ వయసులోనైనా సరే, ఈస్ట్రోజన్ కొద్ది రోజుల్లోనే పడిపోతుంది. ఆల్‌బ్రైట్ రోగులలో కొందరిది సరిగ్గా ఇదే కథ.

"రెండూ తీసిండ్రా, ఒకటే తీసిండ్రా అని నన్నెవరు చెప్పిండ్రు బిడ్డా?" అంది ఆవిడ. ఆసుపత్రి కాగితం సూరత్‌కు వచ్చేటప్పుడు ఊళ్ళోనే ఉండిపోయింది. లోపల ఆమె మనవరాలు, పదో తరగతి పిల్ల, స్కూలు నుంచి వచ్చి చీరకు రాళ్ళు అంటిస్తోంది.