దెబ్బ, గాయం, హాని: అర్థభేదాలు, చట్టానువాదం

దెబ్బ, గాయం, హాని, నష్టం, కీడు, చేటు, అపకారం అన్న మాటలు పైపైన చూస్తే పర్యాయపదాలు. వాక్యంలో పెట్టి చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. ఎండలో తిరిగినవారికి తగిలేది వడదెబ్బే కాని వడగాయం కాదు. నిప్పు వల్ల అయ్యేవి కాలిన గాయాలే కాని కాలిన దెబ్బలు కావు. గాలివానకు పంట దెబ్బతింటుంది, గాయపడదు. చర్మం చిట్లకుండా, నెత్తురు రాకుండా లోపల నొప్పిని మిగిల్చేదానికి 'మూగదెబ్బ' అన్న చక్కని మాట ఉంది. ఈ భేదాలు ఎట్లా ఏర్పడ్డాయన్నది పదచరిత్రకు సంబంధించిన ప్రశ్న. వాటిని పట్టించుకోకపోతే ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం పోలీసు ఠాణా దాకా, న్యాయస్థానం దాకా వెళుతుంది.

సంస్కృత 'ఘాత' శబ్దం ప్రాకృతంలో పదమధ్య తకారాన్ని కోల్పోయి, యకారం చేరి 'ఘాయ' అయింది. హిందీ 'ఘావ్', కన్నడ 'గాయ' ఆ దారిలో వచ్చినవే. తెలుగులో మహాప్రాణం కూడా పోయి 'గాయం' మిగిలింది. రూపంతో పాటు అర్థమూ మారింది. ఘాతం అంటే కొట్టడం. అది కొట్టేవాని పని. గాయం అంటే కొట్టించుకున్నవాని ఒంటిమీద మిగిలినది. క్రియను చెప్పిన మాట ఫలితాన్ని చెప్పే మాటగా మారగా, తత్సమరూపం విద్యుద్ఘాతం, విశ్వాసఘాతం వంటి సమాసాలలో పాత అర్థాన్నే కాపాడుకుంది. 'దెబ్బ'లో ఇటువంటి పంపకం జరగలేదు. 'దెబ్బ కొట్టాడు' అన్నప్పుడు అది క్రియ, 'దెబ్బ మానింది' అన్నప్పుడు ఫలితం. ఒకే మాట రెండు పనులూ చేస్తున్నది.

హాని, నష్టం అన్న జంట మరింత ఆసక్తికరమైనది. మొదటిదానికి మూలం విడుచుట అన్న అర్థం గల 'హా' ధాతువు, రెండవదానికి 'నశ్' ధాతువు. వ్యుత్పత్తిని బట్టి రెండూ కోల్పోవడాన్నే చెప్పాలి. నేటి వాడుకలో 'ప్రాణహాని ఉంది' అంటే ప్రాణం పోయే ప్రమాదం ఉందని. 'ప్రాణనష్టం జరిగింది' అంటే ప్రాణాలు పోయాయని. ప్రాణహాని ఉన్నవాడు రక్షణ కోరతాడు. ప్రాణనష్టానికి మిగిలేది పరిహారమే. పొగతాగడం హానికరం అన్న హెచ్చరికలోనూ రాబోయేదాని ఛాయే ఉంది. అయితే ఈ విభజన అంతటా చెల్లదు. మానహాని, ధర్మహాని వంటి సమాసాలలో పాత అర్థం ఇంకా బలంగానే ఉంది. కీడు, చేటు దేశ్యాలు. 'పడు' నుంచి 'పాటు' వచ్చినట్లే 'చెడు' నుంచి 'చేటు' వచ్చింది. ఇవి శరీరం జోలికి అంతగా పోవు కనుక ఇక్కడ విస్తరించనవసరం లేదు.

1860లో రూపొంది 1862 జనవరి 1న అమలులోకి వచ్చిన భారత శిక్షాస్మృతి ఈ అర్థక్షేత్రాన్ని వేరే విధంగా విభజించింది. 44వ సెక్షను ప్రకారం 'ఇంజురీ' అంటే ఒకరి శరీరానికి, మనస్సుకు, ప్రతిష్ఠకు, ఆస్తికి చట్టవిరుద్ధంగా కలిగించే ఏ హాని అయినా. ఈ ఆంగ్లపదానికి లాటిన్ మూలం హక్కుకు విరుద్ధమైనది, అంటే అన్యాయం. దెబ్బతో దానికి పుట్టుకలో చుట్టరికం లేదు. 319వ సెక్షనులోని 'హర్ట్' మాత్రం శరీరానికే పరిమితం. శారీరక బాధ, వ్యాధి, అశక్తత, వీటిలో ఏది కలిగించినా అది హర్టే. అక్కడ నెత్తురు ప్రసక్తి లేదు. 320వ సెక్షను తీవ్రమైన హర్ట్‌ను ఎనిమిది విధాలుగా లెక్కించింది. పన్ను విరిగితే అది ఆ లెక్కలోకి వస్తుంది. పొడవుగా కోసుకుపోయి రక్తం కారిన గాయం రాకపోవచ్చు. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయసంహిత ఈ నిర్వచనాలను దాదాపు అట్లాగే ఉంచింది. తీవ్రమైన శారీరక బాధకు చెప్పిన ఇరవై రోజుల గడువును మాత్రం పదిహేనుకు తగ్గించింది.

వ్యవహారంలో హర్ట్‌కూ ఇంజురీకీ 'గాయం' అనడం అలవాటైంది. చిక్కంతా అక్కడే. 'దెబ్బలు తగిలాయి, గాయాలు కాలేదు' అన్న ఫిర్యాదులో తెలుగు చెవికి ఏ వైరుధ్యమూ వినిపించదు. చెప్పినవాని ఉద్దేశం మూగదెబ్బలని. అదే వాక్యం గాయం అన్న చోట ఇంజురీతో ఆంగ్లంలోకి మారితే, చట్టం దృష్టిలో జరిగిన నేరాన్ని బాధితుడే కాదన్నట్లు అవుతుంది. పత్రికల్లో విరివిగా కనిపించే 'తీవ్రగాయాలు' మరో రకం చిక్కు. విలేఖరి తీవ్రతను రక్తంతో, ఆసుపత్రిలో చేర్చడంతో కొలుస్తాడు. చట్టం ఎముకతో, చూపుతో, వినికిడితో, రోజుల లెక్కతో కొలుస్తుంది. సాధారణమైన హర్ట్‌కు గరిష్ఠశిక్ష ఏడాది, తీవ్రమైనదానికి ఏడేళ్లు. మాట ఎంపికలోని అలసత్వం ఖరీదు అది.

ఇంజురీకి 'హాని' అనడం కొంత మెరుగే కాని, ఆ మాట కర్తను కోరదు. నష్టమూ అంతే; వరద వల్లా నష్టం వస్తుంది. 'అపకారం' అలా కాదు. వరద నష్టం చేసిందంటాం కాని అపకారం చేసిందనం. అది శరీరం, ఆస్తి, పేరు అన్న మూడింటికీ వర్తిస్తుంది, చేసినవాణ్ణి వెంట తెస్తుంది, తప్పు చేశాడన్న ధ్వనినీ మోస్తుంది. 44వ సెక్షనుకు ఇంతకన్నా దగ్గరి మాట తెలుగులో నాకు కనిపించలేదు. హర్ట్‌కు 'దేహబాధ' అంటే చాలు. అప్పుడు 'గాయం' తన సొంత అర్థంలో, తెగిన చర్మానికి పేరుగా, మిగులుతుంది.