అమెరికా ఎన్నికలలో తుపాకీ హక్కుల స్వచ్ఛంద కార్యకర్తలు: చారిత్రక పరిశీలన (1976–2020)

వ్యాససంగ్రహం:

అమెరికాలో తుపాకీ నియంత్రణ ప్రతిపాదనలు పదేపదే వీగిపోవడానికి నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ధనబలమే కారణమన్న అభిప్రాయం విస్తృత ప్రచారంలో ఉంది. ఎన్నికల చరిత్రను పరిశీలిస్తే ఈ అభిప్రాయం అసంపూర్ణమని తెలుస్తుంది. జీతభత్యాలు లేకుండా సంతకాలు సేకరించినవారు, ఓటర్లను నమోదు చేయించినవారు, పోలింగు రోజున తమవారిని కేంద్రాలకు తరలించినవారు ఈ ఉద్యమానికి ప్రధాన బలమయ్యారు. మసాచుసెట్స్, కాలిఫోర్నియా, మేరీలాండ్, కొలరాడో రాష్ట్రాల ఎన్నికలను, 1994 నాటి కాంగ్రెసు ఎన్నికలను ఆధారంగా చేసుకొని, ఈ స్వచ్ఛంద శ్రమ ఏ పరిస్థితులలో ఫలించిందో, ఎక్కడ నిలిచిపోయిందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: తుపాకీ హక్కులు, స్వచ్ఛంద కార్యకర్తలు, రెండవ సవరణ, నేషనల్ రైఫిల్ అసోసియేషన్, రీకాల్ ఎన్నికలు, కొలరాడో.

1. ఉపోద్ఘాతం:

మన దేశంలో ఎన్నికల ప్రకటన వెలువడిన తరువాత లైసెన్సు ఉన్న తుపాకులను పోలీసు స్టేషన్లలో డిపాజిట్ చేయించడం తెలిసిన విషయమే. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం ఇక్కడ తుపాకీ ప్రభుత్వ అనుమతితో మాత్రమే ఉంచుకోదగిన వస్తువు. అమెరికాలో పరిస్థితి వేరు. 1791లో రాజ్యాంగంలో చేరిన రెండవ సవరణ ఆయుధాలు కలిగి ఉండడాన్ని ప్రజల హక్కుగా పేర్కొన్నది. అయితే ఆ హక్కు వ్యక్తిదా, పౌరసేనకు సంబంధించినదా అన్న వివాదం సుదీర్ఘంగా సాగింది. అది వ్యక్తిగత హక్కేనని సుప్రీంకోర్టు స్పష్టంగా తేల్చినది 2008లో, హెల్లర్ కేసు తీర్పులో. అంతకుముందు దశాబ్దాలపాటు ఈ హక్కుకు న్యాయస్థానాలకంటె ఎన్నికలే ఎక్కువ రక్షణ కల్పించాయి. ఎన్నికలలో పనిచేసినవారి చరిత్రను ప్రత్యేకంగా అధ్యయనం చేయవలసిన అవసరం ఇక్కడే కనిపిస్తుంది.

ఈ అధ్యయనం వెనుక ప్రజాస్వామ్య సిద్ధాంతానికి సంబంధించిన ప్రశ్న ఒకటి ఉంది. తుపాకీ కొనే వ్యక్తి నేర చరిత్రను ముందుగా పరిశీలించాలన్న ప్రతిపాదనను అమెరికా ప్రజలలో అత్యధికులు సమర్థిస్తున్నట్లు సర్వేలు చెబుతూ వచ్చాయి. 2012 డిసెంబరు 14న కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూటౌన్ పాఠశాలలో 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు కాల్పులలో మరణించారు. నాలుగు నెలల తరువాత ఆ పరిశీలనను విస్తరించే ప్రతిపాదన సెనేటులో 54–46 ఓట్లు పొంది, కావలసిన 60 ఓట్లు రాక వీగిపోయింది. అధిక సంఖ్యాకుల అభిప్రాయం చట్టంగా ఎందుకు మారలేదు?

దీనికి ఇద్దరు రాజనీతి శాస్త్రజ్ఞులు చెప్పిన సమాధానాలు గమనింపదగినవి. క్రిస్టిన్ గాస్ 2006లో వెలువరించిన ‘డిసార్మ్‌డ్’ గ్రంథంలో, తుపాకీ నియంత్రణ పక్షానికి ప్రజాభిప్రాయం ఉన్నా స్థానిక స్థాయిలో నిలదొక్కుకున్న ఉద్యమం లేకపోయిందని వాదించారు. మాథ్యూ లాకోంబ్ 2021 నాటి ‘ఫైర్‌పవర్’ గ్రంథంలో, తుపాకీ యజమాని అన్న సామాజిక గుర్తింపును రైఫిల్ అసోసియేషన్ దశాబ్దాలపాటు పెంచి పోషించిందని నిరూపించారు. ఈ రెండు వాదాలూ కలిసే చోటు ఎన్నికల కార్యకర్త. గుర్తింపు శ్రమగా మారేది అతని ద్వారానే.

2. సభ్యత్వం నుండి రాజకీయ కార్యాచరణకు:

నేషనల్ రైఫిల్ అసోసియేషన్ 1871లో న్యూయార్కులో ఏర్పడింది. అంతర్యుద్ధంలో ఉత్తరాది సైనికుల గురి తప్పడాన్ని గమనించిన సైన్యాధికారులు, పౌరులకు తుపాకీ శిక్షణ ఇవ్వడానికి దీనిని స్థాపించారు. 1934లో జాతీయ ఆయుధాల చట్టం చర్చకు వచ్చినప్పుడు సభ్యులు కాంగ్రెసుకు ఉత్తరాలు, తంతులు పంపారు. తొలి ముసాయిదాలో ఉన్న చేతి తుపాకులు తుది చట్టంలో లేకుండా పోయాయి. ఉత్తరం రాసే అలవాటు సభ్యులలో ఈ విధంగా బలపడింది.

జాన్ కెనడీ, మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనడీల హత్యల నేపథ్యంలో 1968లో తుపాకీ నియంత్రణ చట్టం వచ్చింది. దానిని ఎలా ఎదుర్కోవాలన్న విషయంలో సంస్థలోనే భేదాభిప్రాయాలు తలెత్తాయి. 1975లో శాసన వ్యవహారాల విభాగం, 1976లో ఎన్నికల విరాళాల విభాగం ఏర్పడినా, నాయకత్వంలో ఒక వర్గం ప్రధాన కార్యాలయాన్ని రాజధాని నుండి కొలరాడో స్ప్రింగ్స్‌కు తరలించి, వేట, క్రీడ, ప్రకృతి పరిరక్షణలపై దృష్టి పెట్టాలని భావించింది. 1977 మే నెలలో సిన్సినాటిలో జరిగిన వార్షిక సభలో అసమ్మతి సభ్యులు నారింజ రంగు టోపీలు ధరించి, సంస్థ నియమావళినే ఆయుధంగా చేసుకొని, తెల్లవారుజాము వరకు సాగిన సమావేశంలో ఆ నాయకత్వాన్ని తొలగించారు. హార్లన్ కార్టర్ సంస్థ పగ్గాలు చేపట్టారు. తరలింపు ఆగిపోయింది. సాధారణ సభ్యులు సభానియమాలు చదువుకొని, ఓట్లు లెక్కపెట్టుకొని సాధించిన విజయమిది. ఇదే పద్ధతి తరువాత బయటి ఎన్నికలలోనూ కనిపిస్తుంది.

3. ప్రజానిర్ణయ ఎన్నికలు:

అమెరికాలోని అనేక రాష్ట్రాలలో ఒక చట్ట ప్రతిపాదనను నేరుగా ఓటర్ల తీర్పుకు పెట్టే విధానం ఉంది. 1976 నవంబరులో మసాచుసెట్స్ రాష్ట్రంలో చేతి తుపాకులను దాదాపు పూర్తిగా నిషేధించే ప్రతిపాదన ఓటింగుకు వచ్చింది. ఉదారవాదానికి పేరుపడిన ఆ రాష్ట్రంలో సుమారు 69 శాతం ఓటర్లు దానిని తిరస్కరించారు. వేటగాళ్ల క్లబ్బులు, స్థానిక తుపాకీ యజమానుల సంఘాలు ఇందులో చురుకుగా పాల్గొన్నాయి. తుపాకులను వెనక్కి తీసుకుంటే యజమానులకు చెల్లించవలసిన పరిహారం ఖజానాపై భారమవుతుందన్న వాదం తుపాకీ లేని ఓటర్లనూ ఆకట్టుకుంది.

1982లో కాలిఫోర్నియాలో చేతి తుపాకుల నమోదును తప్పనిసరి చేసి, వాటి సంఖ్యను పరిమితం చేసే 15వ ప్రతిపాదన వచ్చింది. సుమారు 63 శాతం ఓటర్లు దానిని వ్యతిరేకించారు. గ్రామీణ కౌంటీలలో తుపాకీ యజమానులు పెద్దసంఖ్యలో పోలింగు కేంద్రాలకు తరలివచ్చారు. అదే రోజున జరిగిన గవర్నరు ఎన్నికలో లాస్ ఏంజిలిస్ మేయరు టామ్ బ్రాడ్లీ లక్షకు లోపు ఓట్ల తేడాతో ఓడిపోయారు. నల్లజాతి అభ్యర్థి పట్ల కొందరు ఓటర్ల అంతరంగిక వైముఖ్యం, తపాలా ఓట్లు, 15వ ప్రతిపాదన రప్పించిన గ్రామీణ ఓటర్లు ఈ ఓటమికి కారణాలుగా చర్చకు వచ్చాయి. వీటిలో ఏ ఒక్కదానినీ ఏకైక కారణంగా నిర్ధారించలేము. అయితే ఒక అంశం కోసం వచ్చిన ఓటరు మరొక ఎన్నిక ఫలితాన్నీ మార్చగలడన్న గ్రహింపు రాజకీయ నాయకులలో అప్పటినుండి స్థిరపడింది.

ఈ రెండు ఎన్నికలలోనూ తుపాకీ పక్షం గణనీయంగా ధనం ఖర్చు చేసింది. అందువల్ల ధనాన్నీ శ్రమనూ వేరుచేసి చూడడానికి 1988 నాటి మేరీలాండ్ అనుభవం ఉపకరిస్తుంది. చవకబారు చేతి తుపాకుల అమ్మకాన్ని నిరోధించే చట్టాన్ని రద్దు చేయించడానికి అసోసియేషన్ అక్కడ ప్రత్యర్థులకంటె అనేక రెట్లు, లక్షలాది డాలర్లు వెచ్చించింది. అయినా సుమారు 58 శాతం ఓటర్లు చట్టాన్ని నిలబెట్టారు. 2016లో మెయిన్ రాష్ట్రంలో ఇందుకు విపరీతమైన ఫలితం వచ్చింది. అక్కడ కొనుగోలుదారుల నేపథ్య పరిశీలనను కోరినవారు చాలా ఎక్కువ ఖర్చు పెట్టినా, వేట సంప్రదాయం బలంగా ఉన్న గ్రామీణ ఓటర్ల వ్యతిరేకతతో స్వల్ప తేడాతో ఓడిపోయారు. స్థానిక సమాజంలో వేళ్లూనని పక్షానికి, అది ఏ పక్షమైనా, ధనం ఒక్కటే గెలుపు తెచ్చిపెట్టలేదని ఈ రెండు ఉదాహరణలూ సూచిస్తున్నాయి.

4. కార్యకర్తల పనితీరు – 1994 ఎన్నికలు:

అసోసియేషన్ శాసన విభాగం కాంగ్రెసు నియోజకవర్గాల వారీగా ‘ఎలక్షన్ వాలంటీర్ కోఆర్డినేటర్లు’ అన్న పేరుతో జీతం లేని సమన్వయకర్తలను నియమించుకుంది. వారి పని తెలుగు రాష్ట్రాలలో పార్టీల బూత్ స్థాయి కార్యకర్తలు చేసే పనిని పోలినదే: ఫోన్లు చేయడం, ఇంటింటికీ తిరగడం, కరపత్రాలు పంచడం, పోలింగు రోజున ఓటర్లను కదిలించడం. కాని ఈ కార్యకర్త నిబద్ధత పార్టీకంటె ముందు ఒకే ఒక అంశానికి. అతని కార్యక్షేత్రం కూడా వేరు. తుపాకీ దుకాణం, షూటింగ్ రేంజి, వేట క్లబ్బు, తుపాకుల ప్రదర్శన వంటి చోట్ల తన అభిప్రాయం గలవారు ఒకేచోట దొరుకుతారు. అక్కడ బల్ల వేసుకొని ఓటరు నమోదు పత్రాలు నింపించడం వీధివీధికీ తిరగడంకంటె తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితమిస్తుంది. అభ్యర్థులకు ‘ఏ’ నుండి ‘ఎఫ్’ వరకు అసోసియేషన్ ఇచ్చే శ్రేణులు కార్యకర్త చేతిలో సులభంగా అర్థమయ్యే ప్రచార సాధనమయ్యాయి.

1993 నవంబరులో బ్రాడీ చట్టం, 1994 సెప్టెంబరులో దాడి ఆయుధాల నిషేధం చట్టరూపం దాల్చాయి. రెండు నెలలకే జరిగిన ఎన్నికలలో డెమోక్రాట్లు ప్రతినిధుల సభలో 54 స్థానాలు నష్టపోయారు. అంతకుముందు చాలాకాలం తుపాకీ నియంత్రణను వ్యతిరేకించిన స్పీకరు టామ్ ఫోలీ, నలభై ఏళ్లకు పైగా సభ్యుడైన టెక్సాస్ ప్రతినిధి జాక్ బ్రూక్స్ ఓడినవారిలో ఉన్నారు. పదవిలో ఉన్న స్పీకరు ఓడిపోవడం 1862 తరువాత అదే మొదటిసారి. క్లింటన్ తన ఆత్మకథలో ఈ పరాజయంలో అసోసియేషన్ పాత్రను అంగీకరించారు. పన్నుల పెంపు, ఆరోగ్య పథకం వైఫల్యం వంటి కారణాలూ బలంగా ఉన్నాయని గుర్తించాలి. అయినా ఆ ఓటమి జ్ఞాపకం డెమోక్రాట్లను చాలాకాలం వెన్నాడింది. పదేళ్ల గడువు ముగిసిన దాడి ఆయుధాల నిషేధం 2004లో పునరుద్ధరణకు నోచుకోలేదు.

5. కొలరాడో రీకాల్ ఎన్నికలు – 2013:

స్వచ్ఛంద శ్రమ స్వరూపం అతి స్పష్టంగా కనిపించే ఉదంతం కొలరాడోది. 2012 జూలైలో ఆ రాష్ట్రంలోని అరోరా సినిమా హాలులో 12 మంది హత్యకు గురయ్యారు. 2013 మార్చి 20న గవర్నరు జాన్ హికెన్‌లూపర్ తుపాకీ మేగజీను సామర్థ్యాన్ని 15 తూటాలకు పరిమితం చేసే చట్టంపైన, ప్రైవేటు అమ్మకాలకూ నేపథ్య పరిశీలనను వర్తింపజేసే చట్టంపైన సంతకం చేశారు. వ్యతిరేకులు రీకాల్ మార్గాన్ని ఎంచుకున్నారు. మన దేశంలో శాసనసభ్యులను గడువుకు ముందే తొలగించే అధికారం ఓటర్లకు లేదు. కొలరాడో రాజ్యాంగం మాత్రం, గత ఎన్నికలో ఆ పదవికి పోలైన ఓట్లలో నాలుగవ వంతుకు సమానమైన సంతకాలు 60 రోజులలో సేకరిస్తే, తొలగింపు ఎన్నికకు అవకాశమిస్తుంది.

నలుగురు శాసనసభ్యులపై ప్రయత్నాలు మొదలైనా రెండే ముందుకు సాగాయి. కొలరాడో స్ప్రింగ్స్‌కు చెందిన సెనేటు అధ్యక్షుడు జాన్ మోర్స్‌పై 7,178, ప్యూబ్లోకు చెందిన ఏంజెలా జిరాన్‌పై 11,285 సంతకాలు అవసరమయ్యాయి. ప్యూబ్లోలో ఈ పని రాజకీయ అనుభవం లేని స్థానికుల చేతుల మీదుగా నడిచింది. వారు సమర్పించిన సంతకాలలో 90 శాతానికి పైగా చెల్లుబాటయ్యాయి. సంతకాలు పెద్ద ఎత్తున కొట్టుడుపోవడం ఇటువంటి ఉద్యమాలలో సాధారణం కనుక ఇది వారి శ్రద్ధకు నిదర్శనం.

ఉద్వాసనను వ్యతిరేకించినవారికి ధనం ఎక్కువ. న్యూయార్కు మేయరు మైకేల్ బ్లూమ్‌బర్గ్ ఒక్కరే 3,50,000 డాలర్లు ఇచ్చారు. రైఫిల్ అసోసియేషన్ కూడా ఇంచుమించు అంతే మొత్తం వెచ్చించింది. సెప్టెంబరు 10న జరిగిన పోలింగులో మోర్స్ సుమారు రెండు శాతం తేడాతో, జిరాన్ 56–44 శాతం తేడాతో పదవులు కోల్పోయారు. కొలరాడోలో శాసనసభ్యులు ఈ విధంగా తొలగింపునకు గురికావడం అదే ప్రథమం. జిరాన్ నియోజకవర్గం డెమోక్రాట్లకు బలమైన స్థానం కావడం గమనార్హం.

ఈ ఫలితాన్ని నిర్ణయించిన మరో అంశం ఉంది. పోటీదారులు పోలింగుకు 15 రోజుల ముందు వరకు నామినేషను వేయవచ్చని న్యాయస్థానం తీర్పు చెప్పడంతో, ఓటర్లందరికీ తపాలాలో బ్యాలెట్లు పంపడం సాధ్యం కాలేదు. ఓటరు స్వయంగా కేంద్రానికి రావలసి వచ్చింది. మోర్స్ నియోజకవర్గంలో అయిదుగురిలో ఒకరే ఓటు వేశారు. ఇటువంటి ఎన్నికలో అభిప్రాయాల సంఖ్యకంటె వాటి తీవ్రతకు విలువ ఎక్కువ. తుపాకీ హక్కులకు ప్రాధాన్యమిచ్చేవారు తమ అంశం కోసం విరాళమివ్వడం నియంత్రణ కోరేవారికంటె దాదాపు నాలుగు రెట్లు అధికమని అదే ఏడాది ప్యూ పరిశోధన కేంద్రం సర్వే తెలిపింది.

6. విజయాల పరిమితులు:

2014 నవంబరులో సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు ఈ రెండు స్థానాలూ తిరిగి డెమోక్రాట్ల వశమయ్యాయి. వివాదానికి మూలమైన మేగజీను చట్టం రద్దు కాలేదు. 2020లో రాష్ట్ర సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. 2019లో, అరోరా కాల్పులలో కుమారుణ్ణి కోల్పోయి శాసనసభ్యుడైన టామ్ సలివన్‌పై మొదలైన రీకాల్ ప్రయత్నాన్ని నిర్వాహకులే విరమించుకున్నారు. తక్కువ పోలింగులో గెలుపు తెచ్చిన పద్ధతి విస్తృత పోలింగులో అదే ఫలితాన్ని ఇవ్వలేకపోయింది.

ఇదే కాలంలో ప్రత్యర్థులూ ఈ పద్ధతిని అలవరచుకున్నారు. న్యూటౌన్ ఘటన మరునాడే మొదలైన ‘మామ్స్ డిమాండ్ యాక్షన్’ ప్రతి రాష్ట్రంలోనూ తల్లుల స్వచ్ఛంద బృందాలను నిర్మించింది. 2019లో అసోసియేషన్ ప్రధాన కార్యాలయమున్న వర్జీనియాలోనే నియంత్రణను సమర్థించే డెమోక్రాట్లు ఉభయసభలనూ గెలుచుకున్నారు. దానికి ప్రతిస్పందనగా 2020 జనవరి 20న రిచ్‌మండ్‌లో సుమారు 22,000 మంది తుపాకీ హక్కుల మద్దతుదారులు సమావేశమయ్యారు. దాని నిర్వహణలో ముందున్నది రాష్ట్రస్థాయి సంఘం. ఆర్థిక అక్రమాల ఆరోపణలతో అసోసియేషన్ సతమతమవుతున్న దశలోనూ స్థానిక కార్యకర్తల చలనం ఆగలేదన్న విషయం ఇక్కడ గమనించవచ్చు.

7. ముగింపు:

• తుపాకీ హక్కుల ఉద్యమానికి ఎన్నికలలో లభించిన బలం, దీర్ఘకాలంగా పెంపొందిన సమూహ గుర్తింపును స్వచ్ఛంద శ్రమగా మార్చుకోవడం వల్ల వచ్చింది. ధనం దానికి తోడ్పడిందే గాని ప్రత్యామ్నాయం కాలేదు.

• ఓటర్లు తక్కువగా పాల్గొనే ఎన్నికలలో ఈ శ్రమ అత్యధిక ఫలితాన్నిచ్చింది. పోలింగు విస్తరించిన చోట ఆ ప్రభావం తగ్గింది.

• పదవులనుండి తొలగించడంలో కార్యకర్తలు సాధించిన విజయం చట్టాల రద్దుకు దారితీయలేదు. అయితే శాసనకర్తలలో కలిగించిన జంకు కొత్త చట్టాలను చాలాకాలం అడ్డుకుంది.

• సర్వేలలో వ్యక్తమయ్యే అధిక సంఖ్యాకుల అభిప్రాయం దానంతటదే చట్టం కాదు. న్యూటౌన్, అరోరా బాధిత కుటుంబాలు ఈ సంగతి గ్రహించి, తమ ప్రత్యర్థులు అర్ధశతాబ్దం క్రితం ఎంచుకున్న ఇంటింటి ప్రచార మార్గంలోనే నడవవలసి వచ్చింది. ఒకే అంశంపై పరస్పర విరుద్ధంగా పనిచేసే ఈ రెండు కార్యకర్తల శ్రేణులను తులనాత్మకంగా అధ్యయనం చేయడానికి పరిశోధకులకు ఇంకా విస్తృత అవకాశముంది.