ఓటు లేని నాటి కట్టమంచి వకీలు

1843 ఆగస్టు. చిత్తూరు పక్కన కట్టమంచి చెరువు గట్టు మీద నిలబడండి. కట్ట దిగువన మళ్లలో పని చేసుకునేవాళ్ల మాటల్లో తెలుగు, అరవం కలిసిపోయి వినిపిస్తాయి. మీరు నిలబడ్డ నేల ఇంకా చిత్తూరు జిల్లా కాలేదు. ఆ పేరుతో జిల్లా రావడానికి 1911 దాకా ఆగాలి. ఇప్పుడిది ఉత్తర ఆర్కాటు. కలెక్టరు కచ్చేరీ మాత్రం చిత్తూరులోనే ఉంది.

ఆ కచ్చేరీలో ఒక పెద్ద బాధ్యత చేతులు మారి ఇంకా నెల తిరగలేదు. 1801 నుంచీ తిరుమల కొండ మీది గుడి కుంఫిణీ వారి అజమాయిషీలో ఉండేది. కానుకల లెక్కలు కలెక్టరుకు చేరేవి. దొరతనం హిందూ గుళ్లను నడపడమేమిటని ఇంగ్లండులో అభ్యంతరాలు లేచాయి. దాంతో జూలైలో గుడిని హాథీరాంజీ మఠం మహంతు సేవాదాసు చేతికి అప్పగించేశారు. ఏటా కొండెక్కే భక్తులను ఈ సంగతి మీద ఎవరూ ఒక్క మాట అడగలేదు. అడగడానికి ఒక సభ కానీ, ఒక సంఘం కానీ, జనం తరఫున నోరు విప్పే పత్రిక కానీ ఈ సీమలో లేవు.

ఆ ఆగస్టులోనే కట్టమంచిలో ఒక బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవాడు పనప్పాకం ఆనందాచార్యులు. అరవై నాలుగేళ్ల జీవితంలో ఆయన చేసిన పనంతా ఆ లేనివాటిని ఒక్కొక్కటిగా కూర్చడమే అని నేను నమ్ముతున్నాను.

చిన్న వయసులోనే ఆయన మద్రాసు చేరాడు. మీరూ వెంట రండి. 1856 నుంచి ఆర్కాటు వైపు రైలు నడుస్తోంది. రాయపురం స్టేషన్లో దిగి బయటికొస్తే సముద్రపు గాలి మొహానికి కొడుతుంది. 1862లో హైకోర్టు వెలసింది. అందులో ఇంగ్లండు వెళ్లి చదివొచ్చిన బారిస్టర్లది ఒక అంతస్తు, ఇక్కడే చదువుకున్న వకీళ్లది ఇంకో అంతస్తు. పేరుమోసిన న్యాయవాది కాయలి వెంకటపతి దగ్గర ఆనందాచార్యులు శిష్యరికం చేశాడు. 1869లో హైకోర్టు వకీలై సొంతంగా వాదించడం మొదలుపెట్టాడు. కోర్టు పని అయ్యాక కలం పట్టేవాడు. ‘నేటివ్ పబ్లిక్ ఒపీనియన్’, ‘మద్రాసీ’ అనే పత్రికల్లో ఆయన రాతలు పడేవి.

ఇక 1877. కరువు. దీన్ని దాటేసి ముందుకు పోవడానికి నాకు మనసొప్పదు, ఎందుకంటే తరవాత వచ్చిన సభలూ తీర్మానాలూ చాలావరకు ఈ ఎండిన నేల మీదే మొలిచాయి. వానలు తప్పాయి. చెరువులు నెరలు విచ్చాయి. ఉత్తర ఆర్కాటు, కడప, బళ్లారి, కర్నూలు పల్లెల నుంచి జనం రోడ్లెక్కి గంజి కేంద్రాల వైపు నడుస్తున్నారు. సహాయ పనుల్లో రాళ్లు కొట్టే మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, దాని పైన ఒక అణా చాలునని ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టాడు. పౌను అంటే అర కిలో కూడా కాదు. ఆ తిండితో పగలంతా ఎండలో సుత్తి ఎత్తాలి. మద్రాసు రాజధాని ఇలాకాలో చచ్చిపోయినవాళ్లు లక్షల్లో ఉన్నారు. మద్రాసులో శాసనసభ అనేదొకటి 1861 నుంచీ ఉంది. అందులో జనం ఎన్నుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. బిల్లుల మీద మాట్లాడవచ్చు తప్ప, జనం ఎందుకు చస్తున్నారని ప్రశ్న వేసే హక్కు అందులో ఎవరికీ లేదు.

అదే బ్రిటిష్ రాణి ఏలుబడిలోని కెనడా వైపు ఒకసారి చూడండి. 1848లోనే నోవా స్కోషియాలో ఎన్నికైన సభకు జవాబు చెప్పుకునే మంత్రివర్గం వచ్చింది. 1867లో మూడు వలసలు కలిసి నాలుగు రాష్ట్రాల సమాఖ్య అయ్యాయి, ప్రతి రాష్ట్రానికీ సొంత శాసనసభ దక్కింది. అక్కడ ఆనందాచార్యులు ఈడు వకీలు ఓట్లడిగి గెలవవచ్చు, మంత్రి కావచ్చు, ప్రభుత్వాన్ని పడగొట్టవచ్చు. ఇక్కడి వకీలు ముందు తన రాజకీయానికి నిలబడే చోటు తయారు చేసుకోవాలి.

1878 సెప్టెంబరు 20. మద్రాసు. భారతీయుడైన టి. ముత్తుస్వామి అయ్యర్‌ను హైకోర్టు జడ్జిగా వేయడం దొరల పత్రికలకు మింగుడుపడలేదు. వాటికి జవాబు చెప్పాలని ఆరుగురు కుర్రవాళ్లు పూనుకున్నారు. ఇద్దరు పంతుళ్లు, నలుగురు లా విద్యార్థులు. రూపాయి పన్నెండణాలు అప్పు తెచ్చి ఎనభై ప్రతులు అచ్చు వేయించారు. ఇంకా తడి ఆరని ఆ కాగితం పట్టుకుని చూడండి: ‘హిందూ’. జి. సుబ్రహ్మణ్య అయ్యర్, ఎం. వీరరాఘవాచార్యులు దాన్ని ముందుండి నడిపినవాళ్లు. అప్పటికి ముప్పై అయిదేళ్ల వకీలైన ఆనందాచార్యులు వాళ్లకు అండగా నిలిచాడు. తరచూ రాశాడు.

పత్రిక వచ్చింది. ఇక సంఘం కావాలి. 1884 మే 16న మద్రాసు మహాజన సభ పుట్టింది. అధ్యక్షుడు పి. రంగయ్య నాయుడు. కార్యదర్శులు ఆనందాచార్యులు, వీరరాఘవాచార్యులు. కార్యదర్శి పని ఎలాంటిదో దగ్గర కూర్చుని చూడాలి. ఉత్తరాలు రాయాలి. జిల్లాల్లో వకీళ్లను, మిరాసుదారులను, పంతుళ్లను కూడగట్టాలి. పన్ను మీద, ఉప్పు మీద, కోర్టుల మీద ఫిర్యాదులు కూర్చి, తప్పు పట్టడానికి వీల్లేని భాషలో అర్జీగా మలచాలి. ఆ ఏడాది డిసెంబరు ఆఖర్లో జిల్లాల నుంచి ప్రతినిధులను మద్రాసుకు పిలిచి సమావేశం జరిపారు. ఎక్కడెక్కడి ఊళ్లవాళ్లో ఒక హాలులో కూర్చుని, ఒకరి కష్టం ఒకరు విని, చేతులెత్తి తీర్మానం చేయడం ఈ సీమకు కొత్త.

అర్జీలు పెట్టుకునే రాజకీయం బిచ్చమెత్తుకోవడమేనని తరవాతి తరం ఈసడించింది. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఒక ఊరివాడి బాధ మీద పక్క జిల్లావాడి చేత సంతకం పెట్టించడం చిన్న పని కాదు. అలా సంతకం పెట్టడం నేర్చిన చేతులే ముందు ముందు ఓటు వేశాయి.

1885 డిసెంబరు. మద్రాసు నుంచి బొంబాయికి పోయే రైలు ఎక్కండి. అరక్కోణం దాటి రేణిగుంట వస్తుంది. కిటికీలోంచి పడమటికి చూస్తే తిరుమల కొండలు నీలంగా బారులు తీరి ఉంటాయి. తరవాత కడప, ఆ తరవాత గుత్తి. గుత్తిలో ప్లీడరు పి. కేశవ పిళ్లె ఉంటాడు, ‘హిందూ’కు అక్కడి నుంచి వార్తలు రాస్తాడు, బొంబాయిలో జరిగే కాంగ్రెసు తొలి సభకు అతనూ ప్రతినిధే. ఆదోని, రాయచూరు దాటి దక్కను పీఠభూమి మీదుగా రైలు బొంబాయి చేరుతుంది. సభ పూనాలో జరగాల్సింది. అక్కడ కలరా పుట్టడంతో బొంబాయికి మార్చారు. 28న గోకుల్‌దాస్ తేజ్‌పాల్ సంస్కృత కళాశాలలో డెబ్భై ఇద్దరు కూర్చున్నారు. అందులో కట్టమంచి వకీలు ఒకడు. తొలి తీర్మానాన్ని ప్రతిపాదించింది మద్రాసు నుంచి వెళ్లిన సుబ్రహ్మణ్య అయ్యరే.

ఆరేళ్లు గడిచాయి. 1891 డిసెంబరు, నాగపూరు. ఈసారి అధ్యక్ష స్థానంలో ఉన్నది ఆనందాచార్యులు. కాంగ్రెసుకు అధ్యక్షుడైన తొలి తెలుగువాడు ఆయన. సభలో ఏటేటా తిరిగి తిరిగి వినిపించే కోరికల్లో ముఖ్యమైనది శాసనసభల సంస్కరణ. సభ్యుల్లో కొందరినైనా జనం ఎన్నుకోవాలి. బడ్జెట్‌ను చర్చించనివ్వాలి. ప్రశ్న అడగనివ్వాలి. ఆ తరవాత ఆరు నెలలకు, 1892లో, పార్లమెంటు కొత్త చట్టం చేసింది. ‘ఎన్నిక’ అన్న మాట అందులో ఎక్కడా కనపడకుండా జాగ్రత్తపడ్డారు. స్థానిక సంస్థలూ, రాష్ట్ర సభల సభ్యులూ పేర్లు సిఫార్సు చేస్తే ప్రభుత్వం నియమిస్తుందన్నారు. ప్రశ్నకూ, బడ్జెట్ మీద మాటకూ మాత్రం దారి దొరికింది.

ఆ దారిన ఆనందాచార్యులు మద్రాసు తరఫున కలకత్తాకు, వైస్రాయ్ శాసనసభకు వెళ్లాడు. ఆ సభ కార్యక్రమాల కాగితాల్లో ఆయన పేరు ఇలా అచ్చవుతుంది: రాయ్ బహదూర్ పి. ఆనందాచార్లు, విద్యావినోద, అవర్గళ్. ఆ అరవ ‘అవర్గళ్’ చూస్తే నాకు కట్టమంచి చెరువు గట్టు మీద విన్న మాటలు గుర్తొస్తాయి. 1898లో మీరు ఆ గదిలో ఉన్నారనుకోండి. పీఠం మీద వైస్రాయ్ ఎల్గిన్. చుట్టూ అధికార సభ్యులు, లెక్కకు ఎప్పుడూ వాళ్లే ఎక్కువ. ముందు ఏడాదే రాజద్రోహం నేరం మోపి తిలక్‌ను జైలుకు పంపారు. ఇప్పుడు రాజద్రోహం సెక్షన్‌ను ఇంకా వెడల్పు చేస్తున్నారు. వేళ్ల మీద లెక్కించగల భారతీయ సభ్యుల్లో ఆనందాచార్యులు ఒకడు. చట్టం ఆగదని అందరికీ తెలుసు. అది ఆగలేదు కూడా. పత్రికను నిలబెట్టడానికి సాయపడ్డ మనిషి, పత్రికల గొంతు మీద పడ్డ చట్టం పుడుతున్నప్పుడు ఆ గదిలో ఉండవలసి వచ్చింది.

ఆయన మితవాది. 1907లో సూరతులో కాంగ్రెసు మితవాదులు, అతివాదులుగా రెండుగా చీలింది. మరుసటి ఏడాది, 1908లో ఆయన కన్నుమూశాడు. పరిమిత ఓటు హక్కుతో జనం మద్రాసు శాసనసభను ఎన్నుకోవడానికి ఇంకో పన్నెండేళ్లు పట్టింది.

1923 నవంబరు. మద్రాసు శాసనసభ లోపలికి రండి. ప్రభుత్వం పక్కన మంత్రివర్గ నాయకుడు పానగల్లు రాజా రామరాయణింగారు కూర్చుని ఉన్నారు. కాళహస్తిలో పుట్టినవాడు. ఎదుటి పక్షం నుంచి లేచి ఆయన మంత్రివర్గం మీద అవిశ్వాసం ప్రతిపాదించింది కట్టమంచి రామలింగారెడ్డి. ఊరి పేరే ఇంటి పేరు. ఆనందాచార్యులు పుట్టిన ఊళ్లోనే 1880లో పుట్టాడు. ఈ దేశపు శాసనసభల్లో ఒక మంత్రివర్గం మీద వచ్చిన తొలి అవిశ్వాస తీర్మానం అదే. 28న ఓటుకు పెట్టారు. అనుకూలం 44, వ్యతిరేకం 65. తీర్మానం వీగిపోయింది, మంత్రివర్గం నిలిచింది.