ఒకే సిలికాన్, రెండు ధరలు: సెలెరాన్ 300ఎ చరిత్ర

చరిత్ర అనగానే మనకు శాసనాలూ, కోటలూ, రాజవంశాలూ స్ఫురిస్తాయి. వేలిగోరంత సిలికాన్ ముక్కకూ ఒక చరిత్ర ఉంటుందనీ, అందులోనూ అమ్మినవాడికీ కొన్నవాడికీ మధ్య తగవు ఉంటుందనీ చెప్పడానికే ఈ టపా. తయారీదారు నిర్ణయించిన వేగాన్ని మించి ప్రాసెసరును నడిపించడమే ఓవర్‌క్లాకింగ్. అందుకోసం చౌక ప్రాసెసరు కొనాలా, ఖరీదైనది కొనాలా అన్న ప్రశ్నకు 1998లో దొరికినంత స్పష్టమైన సమాధానం మరెన్నడూ దొరకలేదని నా అభిప్రాయం.

ముందుగా కొంత పూర్వరంగం. ఐబీఎం వారు 1984లో విడుదల చేసిన పీసీ ఏటీ 6 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచేది. అందులోని స్ఫటికాన్ని తీసివేసి, మరింత వేగంగా స్పందించే స్ఫటికాన్ని అమర్చి 8 మెగాహెర్ట్జ్‌కు చేర్చుకున్నవారున్నారు. ఆ తరువాత ఐబీఎం బయాస్‌లోనే వేగాన్ని తనిఖీ చేసే ఏర్పాటు చేసి, ఆ దారి మూసివేసింది. ఈ దాగుడుమూతలు అప్పటినుంచే ఉన్నాయన్నమాట.

ఇక అసలు కథ. 1998 ఏప్రిల్‌లో ఇంటెల్ చౌక కంప్యూటర్ల కోసం సెలెరాన్ 266ను విడుదల చేసింది. అది పెంటియం 2 లోని రెండవ స్థాయి కాష్ మెమరీని పూర్తిగా తొలగించగా మిగిలిన ప్రాసెసరు. ప్రాసెసరుకు పదే పదే కావలసిన సమాచారాన్ని చేతికందే దూరంలో ఉంచేదే కాష్. అది లేకపోవడంతో ఆఫీసు పనుల్లో ఈ ప్రాసెసరు చతికిలబడింది, విమర్శలు వెల్లువెత్తాయి.

అదే ఏడాది ఆగస్టు 24న ఇంటెల్ ఆ లోపాన్ని సరిదిద్దుతూ సెలెరాన్ 300ఎను తెచ్చింది. అదే రోజున పెంటియం 2 లో 450 మెగాహెర్ట్జ్ రకమూ వెలువడింది. వెయ్యేసి కొనే వ్యాపారులకు మొదటిదాని ధర 149 డాలర్లు, రెండవదాని ధర 669 డాలర్లు. అంటే నాలుగు రెట్లకు పైగా తేడా.

ప్రాసెసరు వేగం రెండు అంకెల లబ్ధం: మదర్‌బోర్డు బస్ వేగం, ప్రాసెసరులోని గుణకం. 300ఎ గుణకం 4.5, బస్ 66 మెగాహెర్ట్జ్, లబ్ధం 300. ఆ గుణకాన్ని ఇంటెల్ మార్చడానికి వీల్లేకుండా బిగించింది. తక్కువ వేగపు చిప్పుల మీద ఎక్కువ వేగం ముద్రవేసి అమ్మే మోసగాళ్ళు అప్పటి మార్కెట్లో ఉండేవారు కనుక అందులో న్యాయం లేకపోలేదు. అయితే అప్పటికే వచ్చిన 440బిఎక్స్ చిప్‌సెట్ బోర్డులు 100 మెగాహెర్ట్జ్ బస్‌ను ఇచ్చేవి. 4.5ను 100తో గుణిస్తే 450! అబిట్ బిహెచ్6 వంటి బోర్డుల్లో బయాస్‌లో ఒక అంకె మారిస్తే చాలు. అటువంటి సదుపాయం లేని బోర్డుల కోసం కొందరు ప్రాసెసరు పట్టీమీది బి21 అనే స్పర్శబిందువును చిన్న టేపుముక్కతో కప్పేవారు.

ఇక్కడొక సూక్ష్మం ఉంది. బస్‌ను 83 మెగాహెర్ట్జ్‌కు పెంచితే దానిలో సగంతో నడిచే పీసీఐ కార్డులు 33 బదులు 41కి పైగా పరుగెత్తవలసి వచ్చేది. హార్డ్‌డిస్కులోని సమాచారం పాడయ్యే ప్రమాదం ఉండేది. 100 దగ్గర మాత్రం మూడో వంతు లెక్కన అవి తమ సహజమైన 33 వద్దే ఉండేవి. అంటే పెద్ద గెంతే చిన్న గెంతు కన్నా క్షేమం.

పెంటియం 2 కాష్ 512 కిలోబైట్లు. అయితే అది విడి చిప్పుల్లో ఉండి సగం వేగంతో, అంటే 225 మెగాహెర్ట్జ్‌తో నడిచేది. సెలెరాన్‌లో ఉన్నది 128 కిలోబైట్లే అయినా, ప్రాసెసరులోనే ఇమిడి పూర్తి 450తో నడిచేది. అందుకే ఆటల్లో రెండూ ఇంచుమించు సమానంగా నిలిచాయి. భారీ సమాచారంతో పనిచేసే చోట పెంటియం ముందుండేది.

చౌక చిప్పుకు ఆ శక్తి ఎక్కడిది? రెండూ 0.25 మైక్రాన్ పద్ధతిలోనే తయారయ్యేవి. 300 అన్న అంకె చాలామట్టుకు సిలికాన్ హద్దు కాదు, మార్కెట్ గీసిన గీత.

అలాగని ప్రతి చిప్పూ 450 అందుకోలేదు. వోల్టేజిని 2.0 నుంచి 2.2కు పెంచితేగాని కొన్ని కుదుటపడేవి కావు. వేడి వోల్టేజి వర్గాన్ని అనుసరిస్తుంది కనుక, వేగంతో కలిపి లెక్కిస్తే అది దాదాపు 1.8 రెట్లవుతుంది. కంప్యూటరు ఆన్ అయినంత మాత్రాన లెక్కలు సరిగా చేస్తున్నట్టు కాదు. ఆటలో ఒక చుక్క రంగు తప్పితే నష్టం లేదు. జమాఖర్చులో ఒక అంకె తప్పితే ఉంది. అటువంటి పనులవారికి ఖరీదైన ప్రాసెసరు దుబారా కాదు. వారు కొన్నది పూచీని.

తరువాతి కథ క్లుప్తంగా. 1999లో అబిట్ బిపి6 రెండు సెలెరాన్లను ఒకే బోర్డు మీద జతకట్టింది. 2000లో ఏఎండీ డ్యురాన్ మీది తెగిన వంతెనలను పెన్సిలు గీతతో కలిపి గుణకాన్ని విడిపించారు ఔత్సాహికులు. 2011 జనవరిలో వచ్చిన ఇంటెల్ శాండీబ్రిడ్జ్ ఆటను తలకిందులు చేసింది. బస్‌ను పెంచే వీలు దాదాపు పోయింది. గుణకం స్వేచ్ఛ కె అక్షరమున్న ఖరీదైన రకాలకే దక్కింది. పేదవాడి కిటుకు ధనికుడి సౌకర్యమైంది. 2014లో పెంటియం జి3258 రూపంలో చిన్న మినహాయింపు వచ్చినా, రెండు కోర్లే కావడంతో కొత్త ఆటల ముందు త్వరగానే అలసిపోయింది. 2017 నాటి తొలి రైజెన్లన్నిటికీ గుణకం స్వేచ్ఛ ఉన్నా, మిగులు వేగాన్ని చాలావరకు ప్రాసెసరే స్వయంగా వాడుకోసాగింది.

అమ్మినవాడు వస్తువు మీద ఒక అంకె ముద్రిస్తాడు. అది హామీయా, హద్దా? హామీ అయితే దాన్ని దాటే సాహసం, దాని నష్టంతో సహా, కొన్నవాడిది. హద్దు అయితే మాత్రం మనం డబ్బు చెల్లించి వస్తువును అద్దెకు తెచ్చుకున్నట్టే. 300ఎ కాలంలో ఆ అంకె హామీగానే మిగిలింది. ఆ చిప్పును నేటికీ తలుచుకునేది ఆదా అయిన 520 డాలర్ల కోసమే కాదని నేననుకుంటాను.