ద్వీపాంతరము

“ద్వీపాంతరము పంపిరి” అనినచో ఆ మనిషిపై ఆశ వదలుకొనవలసినదేనని మన పూర్వులు తలంచెడివారు. ఆ ద్వీపాంతరమే అండమాను. 1857 తిరుగుబాటు అణగిన పిమ్మట, 1858 మార్చి 10వ తేదీన డాక్టరు వాకరు సుమారు 200 మంది ఖైదీలతో అచ్చట దిగెను. చాథం, రాస్, వైపర్ దీవులు ఒకదాని వెనుక నొకటి చెరపట్టులైనవి. 1872లో లార్డు మేయోను పొడిచి చంపిన షేర్ అలీని ఉరితీసినది వైపర్ దీవిలోనే.

సెల్యులర్ జైలు నిర్మాణము 1896లో మొదలై 1906లో ముగిసినది. నడుమ బురుజు, దానినుండి బండిచక్రపు ఆకులవలె ఏడు వరుసల మూడంతస్తుల కట్టడములు. దాదాపు 700 గదులు, గదికొక్కడు. ఒక వరుస ముఖము వేరొక వరుస వీపునకు ఎదురుగా నుండుటచే తోటిఖైదీ మొగమైనను కానరాదు. సంకెళ్లకంటె ఈ ఒంటరితనమే ఘోరమని నా తలంపు. ఇక గానుగ! మన పల్లెలలో ఎద్దు త్రిప్పు గానుగను అచ్చట మనిషి త్రిప్పి, దినమునకు 30 పౌనుల కొబ్బరినూనె తీయవలెను. ఆటోనగరులో మోటార్ల మ్రోత నడుమ పనిచేయు మన యువకులు ఆ లెక్కను ఒకమారు ఊహించుకొందురు గాక.

తెలుగువారికిని ఆ చెరలో పాలు కలదు. 1924 మే 7న అల్లూరి సీతారామరాజు కాల్చబడిన తరువాత ఆయన అనుచరులు కొందరు ద్వీపాంతరము పాలైరి. గాము మల్లుదొరకు విధించిన ఉరిశిక్ష యావజ్జీవ ప్రవాసముగా మారినది. ఆయన బ్రతికి వచ్చి, 1952లో విశాఖపట్టణమునుండి లోక్‌సభకు ఎన్నికయ్యెను. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారియు అచ్చటికే పంపబడెను.

1914లో మన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసి, అయ్యంకి వేంకటరమణయ్యగారు ఊరూర పుస్తకములు చేర్చుటకు పాటుపడిరి. అండమానులోనో, దీపము, పత్రిక, పుస్తకము కావలెనని ఖైదీలు 1933లో అన్నము మానిరి. బలవంతముగా పాలు పోయగా మహావీర్ సింగ్ మరణించెను. మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్రలును ఆ దీక్షలోనే అసువులు బాసిరి. పిదప సర్కారు దిగివచ్చినది. దీపములు వెలిగినవి, పుస్తకములు వచ్చినవి. చదివినవారు చదువని వారికి పాఠములు చెప్పిరి. మనము చందా కట్టి తెచ్చుకొను పుస్తకమునకు వారు చెల్లించిన వెల అది.

1937 జూలైలో మరల నిరాహారదీక్ష సాగినది. 1938 ఆరంభమునాటికి రాజకీయ ఖైదీలందరును స్వదేశపు గట్టు చేరిరి. 1979లో ఆ జైలు జాతీయ స్మారకమైనది. ఏడు వరుసలలో మూడే మిగిలినవి. కూలిన వరుసల చోట గోవింద వల్లభ పంత్ ఆసుపత్రి నడచుచున్నది.