ఫ్రెంచ్ పాటలు 40 శాతం లేకపోతే రేడియో లైసెన్స్ ఏమవుతుంది?

మన దగ్గర ప్రైవేటు ఎఫ్ఎం ఫ్రీక్వెన్సీ కావాలంటే వేలంలో కోట్లు పోయాలి. ఫ్రాన్స్‌లో అది ఉచితం. అయితే దానికి బదులుగా స్టేషన్ కొన్ని షరతులకు ఒప్పుకోవాలి. వాటిలో రేడియో యాజమాన్యాలకు ఎక్కువ తలనొప్పి తెచ్చేది పాటల భాష. లైసెన్స్ రెన్యువల్ సమయంలో ఈ రికార్డు కూడా బయటకు తీస్తారు.

అసలు నిబంధన ఏంటి?

1994లో చేసిన చట్ట సవరణ 1996 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం 100 పాపులర్ పాటలు వేస్తే కనీసం 40 ఫ్రెంచ్‌లో ఉండాలి. ఆ 40లో సగం కొత్త గాయకులవో, కొత్తగా విడుదలైనవో కావాలి. పాత పాటలే వేసే స్టేషన్లకు, యువత కోసం నడిచే స్టేషన్లకు వేరే లెక్కలున్నాయి. పాత పాటల రేడియో అయితే ఫ్రెంచ్ వాటా 60 శాతానికి పెరుగుతుంది, కొత్తవి 10 శాతం చాలు. యువత రేడియోకు 35 శాతం సరిపోతుంది కానీ, మొత్తం పాటల్లో 25 శాతం కొత్త గాయకులవే అయ్యుండాలి.

ఇక్కడ చూసేది గాయకుడి దేశం కాదు, పాట భాష. డాఫ్ట్ పంక్ పారిస్ బృందమే అయినా వాళ్ల ఇంగ్లిష్ పాట ఈ లెక్కలోకి రాదు. బెల్జియం గాయకుడు స్ట్రోమే ఫ్రెంచ్‌లో పాడితే వస్తుంది. బ్రెటన్, కోర్సికన్ లాంటి ప్రాంతీయ భాషల పాటలనూ చట్టం లెక్కలోకి తీసుకుంటుంది. ఇది చాలామందికి తెలియదు.

అర్ధరాత్రి వేసేస్తే సరిపోతుందా?

సరిపోదు. జనం ఎక్కువగా వినే వేళల్లో వేసినవే లెక్క. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 6:30 నుంచి రాత్రి 10:30 దాకా అన్నమాట.

ఇంకో దారి ఉండేది. నాలుగు హిట్ పాటలు పట్టుకుని రోజంతా తిప్పడం. 2016లో దీనికీ అడ్డుకట్ట వేశారు. స్టేషన్ వేసిన ఫ్రెంచ్ పాటల్లో సగానికి మించి టాప్ 10 పాటలే అయితే, ఆ మించినవి కొట్టేస్తారు. ఉదాహరణకు నెలలో 1,000 పాటలు వేశారు, 400 ఫ్రెంచ్. అందులో 260 సార్లు అవే పది పాటలు మోగాయి. 400లో సగం 200 కాబట్టి మిగతా 60 ఎగిరిపోతాయి. కాగితం మీద 40 శాతం ఉన్న స్టేషన్ 34కు పడిపోతుంది.

రేడియోల వాదనా కొట్టిపారేయదగ్గది కాదు. ఫ్రెంచ్ గాయకులే ఇంగ్లిష్‌లో పాడుతుంటే తాము వేటిని వేయాలన్నది వాళ్ల ప్రశ్న. స్ట్రీమింగ్ యాప్‌లకు ఈ కోటా లేదు కూడా. 2015 సెప్టెంబరులో ప్రైవేటు రేడియోలు ఒకరోజు కోటాను పక్కనపెట్టి నిరసన తెలిపాయి. ఏడాది తిరక్కుండానే టాప్ 10 నిబంధన వచ్చిపడింది!

రెన్యువల్ ఎలా?

ఎఫ్ఎం అనుమతి 5 ఏళ్లకు ఇస్తారు. పోటీ లేకుండా రెండుసార్లు, ఒక్కోసారి 5 ఏళ్ల చొప్పున పొడిగించవచ్చు. మొత్తం 15 ఏళ్లు. మన ఫేజ్-3 ఎఫ్ఎం లైసెన్స్ కాలమూ అంతే, కాకపోతే మధ్యలో ఈ పరీక్షలుండవు.

గడువుకు ఏడాది ముందు నియంత్రణ సంస్థ ఆర్కామ్ తన నిర్ణయం ప్రకటిస్తుంది. ఈ సంస్థ 2022 జనవరిలో పాత సీఎస్ఏ స్థానంలో వచ్చింది. స్టేషన్‌పై పడిన శిక్షలు, ఆర్థిక పరిస్థితి వంటివి పరిశీలించి, పోటీ లేకుండా పొడిగించాలో వద్దో చెబుతుంది. సరేనంటే పాటల వాటాతో సహా షరతులన్నీ రాసిన ఒప్పందంపై ఇద్దరూ సంతకం చేయాలి. గడువుకు 6 నెలల ముందుకల్లా అది కుదరకపోతే పొడిగింపు ఉండదు.

కోటా తప్పితే?

ముందు నోటీసు. మళ్లీ తప్పితే జరిమానా పడొచ్చు, అది టర్నోవర్‌లో 3 శాతం దాకా, పదేపదే తప్పితే 5 శాతం దాకా. లైసెన్స్ కాలంలో ఏడాది వరకు కోత పెట్టే అధికారం, చివరికి రద్దు చేసే అధికారం కూడా ఆర్కామ్‌కు ఉన్నాయి. చిన్న స్టేషన్‌కు జరిమానా కంటే ఆ తర్వాతి సంగతే భయం. శిక్ష రికార్డుకెక్కితే పోటీ లేని పొడిగింపు చేజారవచ్చు. అప్పుడు అదే ఫ్రీక్వెన్సీ కోసం కొత్తవాళ్లతో కలిసి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాల్సిందే.