మాట్లాడే వంతు

హోంబ్రూ కంప్యూటర్ క్లబ్ కథ ఎవరు చెప్పినా చివరికి యాపిల్ దగ్గర తేలుతుంది. స్టీవ్ వోజ్నియాక్ అక్కడికి వచ్చాడు, కంప్యూటర్ తయారుచేశాడు, స్టీవ్ జాబ్స్ దాన్ని అమ్మిపెట్టాడు. ఇందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఇలా చెప్పినప్పుడు మేధావి ఒక్కడే కనిపిస్తాడు, సభ కనిపించదు. ఆ క్లబ్బు సాధించినదాంట్లో పెద్ద వాటా అక్కడ కూర్చున్నవాళ్ల తెలివికంటే, కొత్తవాణ్ణి కూడా కలుపుకుంటూ సభ నడిపిన పద్ధతికే చెందుతుందని నా వాదన.

1975 జనవరిలో పాపులర్ ఎలక్ట్రానిక్స్ పత్రిక ముఖచిత్రం మీద ఆల్టెయిర్ 8800 కనిపించింది. కిట్ ధర 397 డాలర్లు. ఆ డబ్బుకు చేతికొచ్చేవి విడిభాగాలు. సోల్డరింగ్ చేసి బిగించుకునే పని కొన్నవాడిదే. అంతా అయ్యాక కూడా దానికి కీబోర్డు లేదు, తెర లేదు, మెమరీ 256 బైట్లు. ముందు పలక మీది స్విచ్చులు ఒక్కొక్కటే ఎత్తుతూ దించుతూ లెక్క ఎక్కించాలి, వెలిగే దీపాలను బట్టి జవాబు చదువుకోవాలి. ఇలాంటి యంత్రం ఒంటరివాడికి లొంగేది కాదు. కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో గోర్డన్ ఫ్రెంచ్, ఫ్రెడ్ మూర్ అందుకే ఓ కరపత్రం వేసి, సొంతంగా కంప్యూటరో టెర్మినలో చేసుకుంటున్నవాళ్లను రమ్మన్నారు. మార్చి 5న ఫ్రెంచ్ ఇంటి గ్యారేజీలో జరిగిన క్లబ్బు తొలి సభకు 32 మంది వచ్చారు. మూర్ వ్యాపారం తలపెట్టే మనిషి కాడు. నిర్బంధ సైనిక శిక్షణ వద్దంటూ 1959లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం మెట్ల మీద నిరాహార దీక్ష చేసినవాడు.

గ్యారేజీ చాలక సభ కొద్ది నెలల్లోనే స్టాన్‌ఫర్డ్ లీనియర్ యాక్సిలరేటర్ సెంటర్ ఆడిటోరియానికి మారింది. నడిపే బాధ్యత లీ ఫెల్సెన్‌స్టైన్ తీసుకున్నాడు. ఆయన సభను రెండు భాగాలు చేశాడు. మొదటిది మ్యాపింగ్. చేయి ఎత్తినవాడు లేచి తాను చేస్తున్నదేమిటో, తన దగ్గర ఉన్నదేమిటో, తనకు కావలసిందేమిటో క్లుప్తంగా చెప్పాలి. ఉపన్యాసం మొదలుపెడితే ఆపేవారు. రెండోది రాండమ్ యాక్సెస్. కుర్చీలు వదిలేసి, ఇందాక లేచి మాట్లాడినవాళ్లలో తనకు పనికొచ్చే మనిషిని వెతుక్కుంటూ వెళ్లడమే; అది సంత. చిప్పుల బేరాలు అక్కడే, సర్క్యూట్ బొమ్మల పంపకాలు అక్కడే. అట్టపెట్టెలో పుస్తకాలు పెట్టుకుని అమ్మిన ఆడమ్ ఆస్బోర్న్, చలం చివరి రోజులు గడిపిన తిరువణ్ణామలైలో పెరిగినవాడు కావడం తెలుగువాళ్లకు సరదాగా ఉంటుంది. ఇక వోజ్నియాక్ సంగతి. ఆయన లేచి మాట్లాడలేనంత బిడియస్థుడు. మ్యాపింగ్ ముగిశాక తన బోర్డును బల్ల మీద పరిచి, దగ్గరికొచ్చినవాళ్లు అడిగినదానికి జవాబు చెప్పేవాడు. మ్యాపింగ్ ఒక్కటే ఉండి ఉంటే ఆయన వెనక వరుసలో కూర్చుని ఇంటికి వెళ్లిపోయేవాడేమో. నోరున్నవాడికి ఒక దారి, లేనివాడికి మరో దారి చూపించిన ఏర్పాటిది.

పద్ధతిది కాదు, చోటుది ఈ ఘనత అనేవాళ్లున్నారు. చుట్టూ ఇంటెల్, హ్యూలెట్-ప్యాకర్డ్, మిగులు సరుకు అమ్మే కొట్లు; చిప్పులు తెలిసినవాళ్లు వీధికొకరు. ఇది కొట్టిపారేయలేని మాట. తలుపు తెరిచే ఉన్నా లోపల ఆడవాళ్లు దాదాపుగా లేరన్నది కూడా నిజం. అయితే విడిభాగాలూ తెలివీ ఉంటే చాలనుకుంటే, అవి దండిగా ఉన్నది కంపెనీల్లోనే కదా! వోజ్నియాక్ తాను పనిచేస్తున్న హ్యూలెట్-ప్యాకర్డ్‌కు కూడా తన డిజైన్ చూపించాడు. వాళ్లు అక్కర్లేదన్నారు. అదే డిజైన్ కాగితాలను క్లబ్బులో అడిగినవాళ్లందరికీ పంచాడు. అదే 1976లో 666.66 డాలర్ల యాపిల్-1గా అమ్మకానికి వచ్చింది.

ఇంకో అభ్యంతరం బిల్ గేట్స్‌ది. 1975 జూన్‌లో పాలో ఆల్టోలోని ఒక హోటల్లో జరిగిన ప్రదర్శనలో మైక్రోసాఫ్ట్ బేసిక్ ప్రోగ్రామింగ్ భాష ఉన్న కాగితపు టేపు ఒకటి మాయమైంది. క్లబ్బు తర్వాతి సభలో దాని నకళ్లు ఉచితంగా పంచారు. ఒకటి తీసుకెళ్లినవాడు రెండు చేసి తేవాలన్నది షరతు. 1976 ఫిబ్రవరిలో గేట్స్ బహిరంగ లేఖ రాసి, ఇది దొంగతనమన్నాడు. ఆల్టెయిర్ కొన్నవాళ్లలో బేసిక్ కొన్నవాళ్లు పది శాతం కూడా లేరన్నాడు. ఆయన కోపం న్యాయమైనదే, ఎవరి కష్టమైనా కష్టమే. కానీ టామ్ పిట్‌మన్ అనే సభ్యుడు తన టైనీ బేసిక్‌ను 5 డాలర్లకు అమ్మకానికి పెట్టాడు. ధర అంత తక్కువైతే నకలు తీసుకునే శ్రమకంటే కొనడమే నయమని ఆయన లెక్క. పంచుకునే సభలో పుట్టినవాడు కొనేవాడి జేబును ముందు లెక్కేసుకున్నాడు.

అసలు చిక్కు బయటి విమర్శలవల్ల రాలేదు. సభ్యులే కంపెనీలు పెట్టాక, చేస్తున్నదంతా లేచి చెప్పడం పోటీదారుకు గుట్టు విప్పడమే అయింది. మ్యాపింగ్ నడవాలంటే చెప్పేవాడికి చెప్పినందువల్ల నష్టం ఉండకూడదు. మూర్ అప్పటికే తప్పుకున్నాడు. క్లబ్బు 1986 డిసెంబరు దాకా నడిచింది. ఆ నాటికి కంప్యూటర్ దుకాణంలో బిగించి అమ్మే వస్తువు, కొన్నవాడికి అడగడానికి మిగిలిన ప్రశ్నలు చాలావరకు దాన్ని వాడటం గురించినవే.